వీపు మీది లైపోమాకు 11404 ఎందుకు కాదు, 21930 కూడా ఎందుకు కాదు

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. మీరు మెడికల్ కోడింగులో, అంటే చికిత్సలనూ రోగాలనూ బిల్లు కోసం కోడ్లుగా మార్చే పనిలో, చేరి ఏడు నెలలైంది. అమెరికాలోని ఒక సర్జరీ క్లినిక్ చార్టు మీ చేతికి వచ్చింది. రోగి వీపు పైభాగాన, ఎడమవైపు ఉన్న లైపోమాను (నిరపాయకరమైన కొవ్వు గడ్డను) సర్జన్ తీసేశారు. ఆపరేషన్ నోటులో గడ్డ 3.5 సెం.మీ. అని, కోత 4 సెం.మీ. అని, రెండు పొరలుగా కుట్లు వేశామని ఉంది. మీరు చర్మపు గడ్డ తీసినప్పుడు వాడే 11404, దానికి తోడు పొరల కుట్లకు 12032 ఇచ్చి, డయాగ్నసిస్‌కు డి17.9 వేశారు. ఆడిటర్ మూడింటికీ ఎర్రర్ పెట్టి 21930, డి17.1 సరైనవన్నారు. పాథాలజీ రిపోర్టులో గడ్డ 2.7 సెం.మీ. అని ఉండటమే ఆయన చూపిన కారణం. ఇద్దరిలో ఎవరిది ఒప్పు అని అడిగారు.

ఇద్దరిదీ కాదు. సరైన కోడ్లు 21931, డి17.1. కుట్లకు వేరే కోడ్ రాదు. ఆడిటర్ మీ మూడు తప్పులనూ సరిగ్గానే పట్టుకున్నారు. కానీ దిద్దేటప్పుడు పరిమాణం దగ్గర తానూ ఒక తప్పు చేశారు. నేను 2011లో హైదరాబాదులో ఈ పనిలో చేరాను, ఎనిమిదేళ్లుగా సర్జరీ చార్టుల ఆడిట్ చూస్తున్నాను. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ చిన్న కొవ్వు గడ్డ దగ్గర తరచు జారుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు 11404 సంగతి. 11400 నుంచి 11446 వరకు ఉన్న వరస చర్మంలో పుట్టిన నిరపాయకరమైన మచ్చలు, తిత్తుల లాంటి వాటి కోసం. పుట్టుమచ్చ తీసినా, చర్మానికి అంటుకుని పైన చిన్న రంధ్రం కనిపించే తిత్తిని తీసినా ఆ వరసకే వెళ్తాం. లైపోమా పుట్టేది చర్మంలో కాదు, చర్మం కింది కొవ్వులో. చర్మం కోసి రెండు వైపులా నొక్కితే పనస తొనలోంచి పిక్క జారినట్టు జారి వచ్చే గడ్డ అది. అక్కడ చర్మం దారి మాత్రమే. అందుకే సీపీటీలో (ఆపరేషన్ల, చికిత్సల కోడ్ల పుస్తకంలో) దీని చోటు చర్మం అధ్యాయంలో లేదు, కండరాలు, ఎముకల అధ్యాయంలో సాఫ్ట్ టిష్యూ ట్యూమర్ల కింద ఉంది. కొత్తవాళ్లు అక్కడికి వెళ్లకపోవడానికి కారణం కూడా ఇదే. చర్మం కింది మెత్తని గడ్డ కోసం ఎముకల అధ్యాయం తెరవాలని ఎవరికి తోస్తుంది?

ఆ అధ్యాయంలోకి వెళ్లాక చూడాల్సినవి మూడు: లోతు, చోటు, పరిమాణం. లైపోమా అన్న పేరు కోడ్‌ను తేల్చదు. కత్తి ఎంత లోతుకు వెళ్లిందన్నదే తేలుస్తుంది. కండరాల మీద దుప్పటిలా పరుచుకున్న గట్టి పొరను డీప్ ఫేషియా అంటారు. గడ్డ దానికి పైన, కొవ్వులోనే ఉంటే సబ్‌క్యుటేనియస్ కోడ్లు. దాని కింద గానీ, కండరం లోపల గానీ ఉంటే సబ్‌ఫేషియల్ కోడ్లు. మీ చార్టులో గడ్డ ఫేషియాకు పైన, కొవ్వులో ఉందని సర్జన్ స్పష్టంగా రాశారు కాబట్టి ఆ చిక్కు లేదు. వీపు, నడుం పక్కల సబ్‌క్యుటేనియస్ గడ్డకు 3 సెం.మీ. లోపైతే 21930, 3 గానీ అంతకు మించి గానీ ఉంటే 21931. సరిగ్గా 3.0 ఉంటే పెద్ద కోడే. ఈ ఒక్క చుక్క దగ్గర పోయిన మార్కులు నా టీములో చాలానే ఉన్నాయి.

12032 ఎలా వచ్చిందో నాకు తెలుసు. చర్మం వరస వాడేటప్పుడు మామూలు కుట్లే అందులో కలిసి ఉంటాయి, పొరలుగా వేసిన కుట్లకు వేరుగా కోడ్ ఇవ్వవచ్చు. ఆ నియమం మీకు బాగా అలవాటైంది, దాన్ని ఇక్కడికీ తెచ్చారు. సాఫ్ట్ టిష్యూ వరసలో మామూలు కుట్లు, పొరల కుట్లు రెండూ గడ్డ తీసిన కోడ్‌లోనే కలిసిపోతాయి. చుట్టూ చర్మాన్ని బాగా లేపి, సరిచేసి మూసిన కాంప్లెక్స్ రిపేర్ అయితేనే వేరుగా రాయాలి, అదీ నోటులో ఆ పని వర్ణించి ఉంటేనే. గడ్డను చేరడానికి పొరలను విడదీయడం కూడా ఆపరేషన్‌లో భాగమే, దానికి విడి కోడ్ లేదు.

ఇక ఆడిటర్ పొరపాటు. సీపీటీ చెప్పేదేమిటంటే, గడ్డ అత్యధిక వ్యాసం, దాన్ని పూర్తిగా తీయడానికి అవసరమని సర్జన్ భావించిన అంచు, ఈ రెండూ కలిపి, తీసే సమయంలో కొలవాలి. పాథాలజీ టేబుల్ మీద కొలిచినది కాదు. బయటికి వచ్చిన కొవ్వు గడ్డ ఆకారం మారుతుంది, ఫార్మాలిన్‌లో టిష్యూ ముడుచుకుంటుంది, కొన్నిసార్లు గడ్డ ముక్కలుగా వస్తుంది. రెండు కొలతలు సరిపోకపోవడం వింత కాదు, సరిపోతేనే వింత. నోటులో సర్జన్ కొలత ఉన్నంతవరకు పాథాలజీ కొలత జోలికి వెళ్లకూడదు. మీ నోటులో 3.5 అని ఉంది, కాబట్టి 21931.

ఇదే అదనుగా కోత పొడవు సంగతి కూడా. కోత 4 సెం.మీ. అని ఉంటే దాన్నే గడ్డ పరిమాణంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. 6 సెం.మీ. లైపోమాను 3 సెం.మీ. కోతలోంచి పిండి తీసే సర్జన్లు ఉన్నారు. చిన్న గడ్డకు పెద్ద కోత పెట్టేవాళ్లూ ఉన్నారు. కోత కొలత గడ్డ కొలత కాదు. నోటులో కోత తప్ప ఇంకేమీ లేకపోతే సర్జన్‌కు క్వెరీ, అంటే రాతపూర్వక ప్రశ్న, పంపాలి. జవాబు రాకపోతే మీ క్లయింట్ రాతపూర్వకంగా పెట్టిన నియమం ప్రకారం పోవాలి. పాథాలజీ కొలతను ఆఖరి ఆధారంగా ఒప్పుకునే క్లయింట్లు ఉన్నారు, కొలత లేకపోతే అతి చిన్న కోడే వేయమనేవారూ ఉన్నారు. ఇలాంటి చోట సొంత లెక్క వద్దు.

3 సెం.మీ. హద్దు ఒళ్లంతటికీ ఒకటే అనుకోవద్దు. ముఖం, నెత్తి మీద హద్దు 2 సెం.మీ., చిన్నదానికి 21011, పెద్దదానికి 21012. చేతి వేళ్లు, అరచేయి, పాదం, కాలి వేళ్లు అయితే 1.5 సెం.మీ. ఫేషియా కిందికి వెళ్తే మొండెం, భుజం, పై చేయి, తొడ దగ్గర హద్దు 5 సెం.మీ. అవుతుంది, ముంజేతి దగ్గర మాత్రం 3లోనే ఉంటుంది. 2010లో సీపీటీ ఈ పరిమాణాల విభజన తెచ్చింది. అంతకు ముందు పనిచేసిన నా సీనియర్లు వీపు గడ్డ ఎంత ఉన్నా 21930 వేసేవారు. ఆ పాత అలవాటు కొందరిలో చాలాకాలం పోలేదు.

నుదుటి గడ్డల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. నుదుటి మీది లైపోమాలు చాలాసార్లు కండరం కిందే ఉంటాయి. నేను ఆడిట్ చేసిన ఒక చార్టులో సర్జన్ శీర్షికలో సబ్‌క్యుటేనియస్ అని రాసి, లోపల వర్ణనలో మాత్రం నుదుటి కండరాన్ని నిలువుగా విడదీసి ఎముకను అంటుకుని ఉన్న గడ్డను తీశానని రాశారు. కోడర్ శీర్షిక చూసి 21012 వేశారు. వర్ణన ప్రకారం అది 21014. శీర్షికను నమ్మవద్దు, ఆపరేషన్ వర్ణన పూర్తిగా చదవండి. శీర్షికకూ వర్ణనకూ పొసగకపోతే అడగండి. అడిగేటప్పుడు మాత్రం సమాధానాన్ని నోటికి అందించకూడదు. 'గడ్డ సబ్‌ఫేషియల్ కదా?' అన్నది క్వెరీ కాదు. 'గడ్డ ఏ పొరలో ఉందో తెలియజేయగలరు' అని అడిగి, చర్మంలో, ఫేషియాకు పైన, ఫేషియా కింద, ఇతరం, చెప్పలేము అని అన్ని అవకాశాలూ ఇవ్వాలి.

డయాగ్నసిస్ కోడ్‌కు వస్తాను. డి17.9 అంటే ఎక్కడుందో తెలియని లైపోమా. నోటులో 'వీపు' అని కళ్లముందు ఉండగా ఆ కోడ్ వేయడం బద్ధకం కిందికే వస్తుంది, ఏమీ అనుకోకండి. డి17.0 తల, ముఖం, మెడ. డి17.1 మొండెం. డి17.21 కుడి చేయి, డి17.22 ఎడమ చేయి, డి17.23 కుడి కాలు, డి17.24 ఎడమ కాలు. 2015 సెప్టెంబరు 30 వరకు వాడిన ఐసీడీ-9లో (రోగాల కోడ్ల పాత జాబితాలో) ముఖం మీదిదైతే 214.0, మిగతా చర్మం కిందిదంతా 214.1. కుడి, ఎడమ అన్న పట్టింపే లేదు. ఆ రోజుల్లో రాయడం అలవాటైన డాక్టర్లు ఇప్పటికీ ఏ వైపో చెప్పకుండా వదిలేస్తుంటారు.

ఇక్కడో తమాషా ఉంది. సీపీటీ ఒళ్లును ఒకలా ముక్కలు చేస్తుంది, ఐసీడీ ఇంకోలా చేస్తుంది. ఛాతీ ముందు భాగం సీపీటీలో మెడతో కలిసి 21555, 21552 కింద ఉంటుంది. ఐసీడీలో మెడ తలతో పోతే ఛాతీ మొండెంలోకి వస్తుంది. అంటే ఛాతీ గడ్డకు 21555తో డి17.1, మెడ గడ్డకు అదే 21555తో డి17.0. కొత్త కోడర్లు ఈ జతలు చూసి ఏదో తప్పు జరిగిందని కంగారుపడి సరైనదాన్ని తప్పుగా మార్చడం చూశాను. భుజం ఇంకో తలనొప్పి. సీపీటీలో దానికి సొంత కోడ్లు ఉన్నాయి, 3 లోపు 23075, 3 నుంచి 23071. ఐసీడీలో పుట్టుమచ్చలు, ఇతర చర్మపు గడ్డల శీర్షికల్లో చేయి అంటే భుజంతో కలిపి అని రాసి ఉంటుంది, డి17.2లో ఆ మాట లేదు. మిగతా శీర్షికల తీరు చూసి నేను భుజాన్ని చేయిగానే తీసుకుంటాను. మీ నోటులో 'వీపు పైభాగం' అని ఉంది కాబట్టి మీకు ఆ గొడవ లేదు. 'భుజం వెనక' అని ఉంటే మాత్రం అది వీపా, భుజమా అని ఒకసారి అడగడం మేలు.

మీరు చివర్లో అడిగిన ఉపప్రశ్న: పాథాలజీ రిపోర్టు రాకముందే డి17 వేయవచ్చా? డాక్టర్ పరీక్షించి 'లైపోమా' అని తేల్చి రాస్తే వేయవచ్చు. రోగనిర్ధారణ చేసేది డాక్టర్, దానికి కాగితం సాక్ష్యం కావాలని కోడర్ పట్టుబట్టలేరు. కానీ అవుట్ పేషెంట్ చార్టులో 'బహుశా లైపోమా', 'లైపోమా కావచ్చు', 'లైపోమాకు అనుగుణంగా ఉంది' అని ఉంటే డి17 రాదు. అప్పుడు కనిపించినదానికే కోడ్, అంటే చర్మం కింది గడ్డ, ఆర్22 వరస. వీపుదైతే ఆర్22.2, కుడి చేతిదైతే ఆర్22.31. ఇన్ పేషెంట్‌లో నియమం వేరు, డిశ్చార్జి నాటికి 'బహుశా' అని ఉన్నా ఉన్నట్టే కోడ్ చేస్తారు. అక్కడి నుంచి ఇక్కడికి మారినవాళ్లు ఈ చోటే తడబడతారు.

గడ్డ అన్నంత మాత్రాన డి49 (స్వభావం రాయని కణితి) వేసేవాళ్లు కూడా ఉన్నారు. నోటులో ట్యూమర్ అనో నియోప్లాజం అనో డాక్టర్ రాస్తేనే ఆ వరస. డి48 అయితే ఇంకా దూరం. అది రిపోర్టు రాలేదన్న అర్థంలో వాడే కోడ్ కాదు. పాథాలజిస్టు కణాలను చూసి, మంచిదో చెడ్డదో చెప్పలేమన్నప్పుడు వాడేది. రోగి రికార్డులో ఊరికే ఆ కోడ్ పడితే ఏళ్ల తరబడి దాని నీడ వెంటాడుతుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఆడిటర్ కాకముందు ఎడమ తొడ లోతుగా ఉన్న 7 సెం.మీ. గడ్డ చార్టు నాకు వచ్చింది. సర్జన్ లైపోమా అని రాశారు. టార్గెట్ తొందరలో పాథాలజీ కోసం ఆగకుండా క్లెయిమ్ పంపేశాను. రెండు వారాల తర్వాత రిపోర్టు వచ్చింది. ఎండీఎం2 అనే జన్యువు పరీక్షలో పాజిటివ్, ఎటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ అని తేలింది. అది సాధారణ లైపోమా కాదు. మళ్లీ పెరగగలదు, డి17లో దానికి చోటు లేదు. నిరపాయమని పంపిన క్లెయిమ్‌ను సరిచేసి మళ్లీ పంపాల్సి వచ్చింది. ఆపరేషన్ కోడ్ మాత్రం మారలేదు. చర్మం వరసలో నిరపాయానికి ఒక వరస, క్యాన్సర్‌కు ఇంకో వరస ఉంటాయి గానీ, సాఫ్ట్ టిష్యూలో సబ్‌ఫేషియల్ కోడ్ గడ్డ స్వభావాన్ని బట్టి మారదు. చుట్టుపక్కల మంచి టిష్యూతో సహా విస్తారంగా తీస్తే రాడికల్ రిసెక్షన్ అవుతుంది, అదీ నోటులో ఉంటేనే. అప్పటి నుంచి లోతైన గడ్డ, పెద్ద గడ్డ, త్వరగా పెరిగిన గడ్డ అని కనిపిస్తే రిపోర్టు వచ్చేవరకు చార్టును పక్కన పెట్టమని మా టీముకు చెబుతాను. అవుట్ పేషెంట్‌లో పాథాలజిస్టు కూడా డాక్టరే కాబట్టి, కోడింగు నాటికి ఆ రిపోర్టు చేతిలో ఉంటే అందులో ఖరారు చేసిన రోగనిర్ధారణను నేరుగా వాడవచ్చు.

రిపోర్టులో యాంజియోలైపోమా, ఫైబ్రోలైపోమా, హైబర్నోమా లాంటి పేర్లు కనిపిస్తే బెదరకండి. ఐసీడీ ఇండెక్స్ అవన్నీ లైపోమా దగ్గరికే పంపుతుంది. లైపోసార్కోమా క్యాన్సర్, ఆ కుటుంబంది కాదు. ఒళ్లంతా నొప్పి పుట్టించే కొవ్వు గడ్డలతో డెర్కమ్ వ్యాధి అని డాక్టర్ రాస్తే ఈ88.2. కండరం లోపలి లైపోమాకు చర్మం, సబ్‌క్యుటేనియస్ అన్న శీర్షికలు నప్పవు కాబట్టి నేను డి17.79 వాడతాను.

ఒకే రోగికి నాలుగైదు గడ్డలు తీసిన చార్టులు కూడా మీకు వస్తాయి. మా దగ్గర ఒకరు కుడి ముంజేతి మీది మూడు గడ్డలను, 3.4, 2, 1.5 సెం.మీ., కూడి 6.9 చేసి ఒకే 25071 వేశారు. కుట్ల పొడవులు కూడతాం గానీ గడ్డలను కూడకూడదు. మూడింటికీ వేర్వేరు కోతలని నోటులో ఉంది కాబట్టి 25071 ఒకటి, 25075 రెండు, ఆ రెండింటికీ 59 గానీ ఎక్స్‌ఎస్ గానీ మాడిఫయర్ (ఇవి విడి గడ్డలని తెలిపే, కోడ్ చివర తగిలించే గుర్తు). డి17.21 మాత్రం ఒక్కసారే. ఒకే కోతలోంచి మూడూ తీశారని ఉంటే మాడిఫయర్ పెట్టే ముందు పదిసార్లు ఆలోచించాలి.

డినయల్స్ (బీమావాళ్లు డబ్బు ఇవ్వననడం) గురించి మీరు అడగలేదు గానీ, ఈ గడ్డల దగ్గర డబ్బు ఆగేది ఎక్కువగా కోడ్ తప్పు వల్ల కాదు, కారణం రాయకపోవడం వల్ల. మా మేనమామ వీపు మీద కంతి ఇరవై ఏళ్లు అలాగే ఉంది, ఆయన దాని మీదే ఆనుకుని పడుకునేవారు. అలాంటి గడ్డను చూడ్డానికి బాగాలేదని తీస్తే మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) దాన్ని అందం కోసం చేసినదిగా చూస్తుంది, డబ్బు ఇవ్వదు. నొప్పి ఉందా, పెరుగుతోందా, పట్టీ గానీ బెల్టు గానీ ఒరుసుకుంటోందా, కదలికకు అడ్డమా, ఇవి నోటులో ఉండాలి. ఇవి రాయాల్సింది డాక్టర్. లేని నొప్పిని కోడర్ పుట్టించకూడదు. రోగి అడిగాడని తీశాం అని మాత్రమే ఉంటే అలాగే వదిలేసి బిల్లింగ్ టీముకు చెప్పండి.

సర్జన్లకు మేము పంపే నమూనా వాక్యం ఇది, మీ దగ్గరా పనికొస్తుంది: 'వీపు ఎడమ పైభాగం. ఆరు నెలలుగా పెరుగుతున్న, ఆనుకుంటే నొప్పి పెట్టే గడ్డ. సబ్‌క్యుటేనియస్, డీప్ ఫేషియాకు పైన. తీసేటప్పుడు అంచుతో కలిపి 3.5 సెం.మీ. తొడుగుతో సహా పూర్తిగా తీశాం. పాథాలజీకి పంపాం.' ఇంతే. దీనితో కోడింగు రెండు నిమిషాల పని. ఇది లేకపోతే క్వెరీ, రెండు వారాల నిరీక్షణ.

ఇంకో చిన్న విషయం. చర్మం వరసకు ఆపరేషన్ తర్వాతి గ్లోబల్ కాలం (తర్వాతి మామూలు విజిట్లు ఆపరేషన్ ఫీజులోనే కలిసిపోయే కాలం) 10 రోజులు, ఈ సాఫ్ట్ టిష్యూ కోడ్లలో ఎక్కువ వాటికి మెడికేర్ లెక్కలో 90 రోజులు. కాబట్టి అదే రోజు చూసి ఆపరేషన్ నిర్ణయం తీసుకున్న విజిట్‌కు చిన్న ఆపరేషన్లకు వాడే 25 కాదు, పెద్దవాటికి వాడే 57 మాడిఫయర్. మీ చార్టులో అలాంటి విజిట్ ఉందేమో ఒకసారి చూసుకోండి, మీరు 11404 వేశారు కాబట్టి 25 పెట్టి ఉండే అవకాశం ఉంది.

ఇక మీ ఆడిట్ స్కోరు. 12032కూ, డి17.9కీ వచ్చిన ఎర్రర్లను ఒప్పుకోండి, వాదించడానికి ఏమీ లేదు. ప్రొసీజర్ ఎర్రర్ కూడా మీదే, 11404 ఎలాగూ నిలబడదు. రీబటల్ (ఆడిట్‌కు మీ అభ్యంతరం) మాత్రం వేయండి, స్కోరు కోసం కాదు, 21930తో క్లెయిమ్ వెళ్లిపోకుండా ఆపడానికి. ఆపరేషన్ నోటులో 3.5 అని ఉన్న వాక్యం, తీసే సమయంలో కొలవాలన్న సీపీటీ సూచన, రెండూ పక్కపక్కన పెట్టండి చాలు. ఆడిటర్ తప్పు చేశారని ఎక్కడా రాయకండి. '21931ను పరిశీలించగలరు' అని ముగించండి. నేనైతే ఆ ఈమెయిల్ చదవగానే మార్చేస్తాను.